పిల్లి గొంతు

కాలేజీ ఫుట్‌బాల్ టీములో గోల్‌కీపర్‌కి పిల్లి అని పేరు పెట్టినవాడెవడో గానీ వాడి నోట్లో పంచదార పొయ్యాలి. అతను నడిస్తే అడుగుల చప్పుడుండదు. తలుపు తీస్తే కిర్రుమనదు. బంతి ఏ మూలకి వచ్చినా ఒక్క గెంతులో అందుకుంటాడు, కింద పడితే బట్టల మూట జారినట్టు మెత్తగా పడతాడు. రెండేళ్లుగా ఆ గోల్‌పోస్టు కింద నిలబడింది అతనే. అతని చేతులకు వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. నోట్లో నాలుక లేనివాడు అంటారు చూడండి, ఆ మాట ఇతన్ని చూశాకే పుట్టి ఉంటుంది.

గోల్‌కీపర్‌కి నోరెందుకయ్యా అని అడిగేవాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పాలి. బంతి గాల్లో గోలు వైపు వస్తున్నప్పుడు దాన్ని ఎవరు అందుకోవాలో ముందే తేలిపోవాలి. డిఫెండర్ కళ్లు బంతి మీద ఉంటాయి, వీపు కీపర్ వైపు ఉంటుంది. వెనకనుంచి కీపర్ ముందుకొస్తున్నాడో లేదో వాడికి తెలిసే దారి ఒక్కటే. కీపర్ 'నాది!' అని గొంతు చించుకుని అరవాలి. ఆ కేక వినబడితే డిఫెండర్ తల దించి తప్పుకుంటాడు. వినబడకపోతే తన పని తను చేసుకుపోతాడు.

పోయిన ఏడాది ఆఖరి మ్యాచ్‌లో నిచ్చెన అలాగే తన పని తను చేసుకుపోయాడు. నిచ్చెన అంటే టీము కెప్టెన్. ఆరడుగుల పైన ఎంతుంటాడో కొలిచే ఓపిక ఎవరికీ లేక ఆ పేరు ఖాయం చేశారు. ఆట ముగిసిపోవస్తోంది, రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలివాళ్లు కొట్టిన బంతి ఎత్తుగా లేచి గోలు మీదికి వచ్చింది. పిల్లి చేతులు చాచి, అలవాటు ప్రకారం చప్పుడు లేకుండా ముందుకొచ్చాడు. అతనొస్తున్నట్టు తెలియని నిచ్చెన వెనక్కి వెనక్కి నడిచి, బంతిని గోలు పైనుంచి బయటికి పంపేద్దామని తలతో కొట్టాడు. బంతి పిల్లి చేతుల మీదుగా వెళ్లి ఖాళీ గోల్లో పడింది. కప్పు పోయింది. కప్పు పోతే పోయింది, మర్నాటినుంచి క్యాంటీన్‌లో నిచ్చెనకు బతుకు లేకుండా పోయింది. 'నిచ్చెన వేసుకుని సొంతింటికే కన్నం వేసిన దొంగ' అని ఎవడో అన్నాడు. ఇక ప్రతివాడూ అదే పాట.

అన్ని మాటలు పడినా నిచ్చెన ఒక్కసారి కూడా 'వాడు అరవలేదు' అనలేదు. అదే పిల్లికి ముల్లులా గుచ్చుకుంది. తిట్టినా బాగుండేది.

సెలవులయ్యాక మొదటి రోజు ప్రాక్టీసుకి అందరూ పొట్టలు పెంచుకుని వచ్చారు. గ్రౌండ్ పరిస్థితి ఇంకా అన్యాయం. గడ్డి మోకాళ్లదాకా పెరిగి తెల్ల గీతలు కనబడకుండా పోయాయి. గోలు నెట్టుకు దూడ దూరేంత చిల్లి. స్టోర్ రూము తెరిస్తే ముక్కిపోయిన జెర్సీల వాసన గుప్పుమంది. కోచ్ మెడలో విజిల్ తాడు నములుతూ అంతా చూశాడు. ఆయనకు కోపం వచ్చినప్పుడు ఆ తాడే ఆహారం.

"మొదటి మ్యాచ్ ఎవరితోనో తెలుసుగా? మన కప్పు పట్టుకుపోయినవాళ్లతోనే. ముందు గడ్డి కోయండి, నెట్టు కుట్టండి. తర్వాత మిమ్మల్ని నేను కుడతాను" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. గ్యాలరీ మెట్లు ఎక్కించాడు, దింపాడు, మళ్లీ ఎక్కించాడు. ఒకడు మెట్ల మీదే కూలబడి అమ్మను తలుచుకున్నాడు. అందరూ చెమట పిండుకుంటుంటే కోచ్ పిల్లిని పక్కకు పిలిచాడు.

"నీ చేతులకు నేను దణ్ణం పెడతాను. కానీ వెనక నువ్వున్నావో లేవో ముందున్న నలుగురికీ తెలియకపోతే ఆ చేతులు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. బంతి పెడుతుందా?"

"ఈసారి అరుస్తాను సార్" అన్నాడు పిల్లి.

"ఏమిటీ?"

"అరుస్తాను సార్."

"ఇదిగో, ఈ మాటే నాకు వినబడలేదు."

కోచ్ గ్రౌండ్ అవతలి చివరికి చెయ్యి చూపించాడు. అక్కడ రెండో గోల్‌పోస్టు కింద కొత్తగా చేరిన మొదటి సంవత్సరం కుర్రాడు కేకలు వేస్తున్నాడు. బంతి తన దగ్గర లేదు, దరిదాపుల్లో కూడా లేదు. అయినా వాడి గొంతు కాలేజీ గేటుదాకా వినిపిస్తోంది. వచ్చిన రోజే వాడికి మైకు అని పేరు పడిపోయింది.

"సీజన్‌కి ముందు ఆదివారం మనలో మనమే రెండు జట్లుగా ఆడదాం. నువ్వొక వైపు, వాడొక వైపు. నెంబర్ వన్ జెర్సీ ఎవరిదో ఆ రోజే తాడోపేడో తేల్చేస్తాను. నీకిది ఆఖరి సంవత్సరం అని జాలిపడి మాత్రం ఇవ్వను" అన్నాడు కోచ్.

పిల్లి తలూపాడు. అతనికి కావలసింది చాలా చిన్నది. అదే జట్టు మీద, అదే గోల్‌పోస్టు కింద నిలబడి, నిచ్చెన తల మీదుగా వచ్చే ఒక్క బంతిని 'నాది' అని అందుకోవాలి. ఆ తర్వాత క్యాంటీన్ నోరు మూతపడాలి. అది బెంచీ మీద కూర్చుంటే అయ్యే పని కాదు.

పిల్లి నోరు ఎందుకు లేవదో తెలియాలంటే అతని ఇల్లు చూడాలి. రెండు గదులు. తండ్రి పేపర్ ప్రెస్సులో మిషన్ నడుపుతాడు. పొద్దుగూకుతుంటే వెళ్లి తెల్లారాక వస్తాడు, పగలంతా లోపలి గదిలో పడుకుంటాడు. పిల్లి పుట్టిన దగ్గరనుంచీ ఇదే వరస. కిటికీకి రెండు మడతల నల్లగుడ్డ. కుర్చీల కాళ్లకు రబ్బరు బిరడాలు. వీధి తలుపు బెల్లుకు వైరు పీకేసి ఏళ్లయింది. తల్లి కుక్కర్‌ను విజిల్ వెయ్యకముందే దించేస్తుంది, గిన్నెలను గుడ్డ మీద ఒక్కొక్కటే బోర్లిస్తుంది. ఆవిడ కొడుకును తిట్టాలంటే కనుబొమ్మలు చాలు. ఎడమ కనుబొమ్మ లేస్తే 'ఎక్కడికి', రెండూ లేస్తే 'నీ పని చెప్తా'. ఆ ఇంట్లో పోట్లాటలు కూడా గుసగుసల్లోనే. ఎదురింటాయన కాపురానికొచ్చిన కొత్తలో ఆ ఇల్లు ఖాళీ అనుకుని అద్దెకు అడగబోయాడట.

మెత్తగా నడవడం, మెత్తగా పడటం పిల్లి అక్కడే నేర్చుకున్నాడు. టేబుల్ మీదనుంచి జారిన గ్లాసు నేలను తాకకముందే పట్టుకోవడం నేర్చుకున్నదీ అక్కడే. కాలేజీ అంతా మెచ్చుకునే ఆ చేతులు ఆ ఇంటి చలవే. పోయిన ఏడాది కప్పు పోయిందీ ఆ ఇంటి చలవే.

మొదట ఇంట్లోనే సాధన చేద్దామని దిండులో మొహం పెట్టి అరిచాడు. తల్లి పరుగెత్తుకొచ్చి నుదురు తాకి చూసి, ఒంట్లో బాగాలేదా అని కనుబొమ్మతో అడిగింది. గ్రౌండులో ఇంకా సిగ్గుచేటు. కార్నర్ బంతి వచ్చింది. గుండె చిక్కబట్టుకుని నోరు తెరిచాడు. వచ్చిన మాట "నాదండీ".

డిఫెండర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. "బంతిని అడుక్కుంటున్నావా రా? కాస్త కాఫీ కూడా ఇమ్మందామా?" అన్నాడొకడు. నవ్వనివాడు నిచ్చెన ఒక్కడే. ప్రాక్టీసు అయ్యాక సైకిల్ పక్కన పెట్టి "నడు" అన్నాడు.

ఇద్దరూ ఊరి చివర రైలు వంతెన కిందికి వెళ్లారు. స్తంభాల మీద ఎవరెవరివో ప్రేమలు రాసి ఉన్నాయి. పైనుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. రైలు వచ్చేదాకా నిచ్చెన ఆగాడు. వంతెన దడదడలాడుతుంటే "అరవరా!" అన్నాడు.

పిల్లి అరిచాడు. ఆ మోతలో తన గొంతు తనకే వినబడలేదు. అయినా ఏదో గుండెల్లోంచి లేచి బయటికి పోయినట్టు అనిపించింది. ఇంకోసారి అరిచాడు. ఆఖరి పెట్టె దాటిపోయింది, రైలుతోపాటు గొంతూ పోయింది.

"రైలుంటే అరుస్తావు. మ్యాచ్‌కి గ్రౌండ్ పక్కన పట్టాలు వేయించలేం కదరా" అన్నాడు నిచ్చెన. తర్వాత స్తంభానికి ఆనుకుని, వేరే గొంతుతో అన్నాడు. "ఆ గోలు గురించి నిన్ను నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా?"

"లేదు."

"అనకపోతే అదేదో మంచితనం అనుకున్నాను. కాదు. నేనూ నోరు మూసుకున్నాను, అంతే. లోపల మాత్రం రోజూ తిట్టుకున్నాను నిన్ను. ఇప్పుడు బయటికే అంటున్నా, విను. ఆ గోలు నీది. నువ్వు అరిచి ఉంటే నేను తప్పుకునేవాణ్ణి."

పిల్లికి కళ్లలో నీళ్లు తిరిగాయి. బాధ వేసింది, దానికి రెండింతలు ప్రాణం తేలికపడింది. "నాదే" అన్నాడు. ఆ మాట మామూలుకంటే కొంచెం గట్టిగానే వచ్చింది.

అప్పటినుంచి రోజూ ప్రాక్టీసు తర్వాత వంతెన కిందే. గ్రౌండులో మైకు గొంతుకు మాత్రం ఎదురు లేదు. నోరున్నవాడిదే రాజ్యం అన్నట్టు పెనాల్టీ బాక్సంతా వాడిదే. కానీ నాలుగు రోజులు చూసేసరికి వాడి గుట్టు కూడా తెలిసిపోయింది. ప్రతి బంతికీ 'నాది' అంటాడు, సగం బంతులకు గోలు గీత దాటి ముందుకు రాడు. డిఫెండర్ తల దించుతాడు, బంతి హాయిగా వెళ్లి గోల్లో పడుతుంది. మొరిగే కుక్క కరవదని ఊరికే అన్నారా! కోచ్ విజిల్ తాడు ఆ వారం సగం అరిగిపోయింది.

ఒకరోజు పిల్లి తనే వాడి దగ్గరికి వెళ్లాడు. మాట్లాడకుండా వాడి భుజాలు పట్టుకుని, ఏ కాలు ముందు వెయ్యాలో, ఎక్కడినుంచి గెంతాలో నడిపించి చూపించాడు. పోటీలో ఉన్నవాడికి పని నేర్పేవాణ్ణి ఏమనాలో మీరే చెప్పండి. అడిగితే పిల్లి అయితే ఇదే అంటాడు, వీడు గెలిచినా గోలు కాపాడాలి కదా అని.

"అన్నా, ఒక మాట చెప్పనా? నేను ధైర్యంతో అరవనన్నా. భయమేసి అరుస్తా" అన్నాడు మైకు.

"నాకూ భయమే. నేను నోరు మూసుకుంటా."

"అయితే మనిద్దర్నీ కలిపి రుబ్బితే ఒక మంచి కీపరొస్తాడన్నా!" అని వాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుకి గ్యాలరీ మీది పావురాలు లేచిపోయాయి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తండ్రి భోజనం డబ్బా ఇంట్లో మరిచిపోయి డ్యూటీకి వెళ్లాడు. తల్లి డబ్బా చేతిలో పెట్టి కనుబొమ్మతో వీధి చూపించింది. పిల్లి ప్రెస్సు గేటుదాకా చాలాసార్లు వెళ్లాడు గానీ లోపలికి అడుగు పెట్టింది ఆ రోజే.

లోపల నేల వణుకుతోంది. ఆ వణుకు చెప్పుల్లోంచి పళ్లదాకా ఎక్కింది. రెండంతస్తుల ఎత్తు మిషన్, దాని మీదుగా నదిలా పారుతున్న తెల్లకాగితం, సిరా వాసన, చెవులు చిల్లులు పడే మోత. ఆ మోతను రెండుగా చీలుస్తూ ఎక్కడినుంచో ఒక కేక వినబడింది.

"ఆపూ!"

మిషన్ ఆగింది. కాగితం ఒకచోట చిరగబోతూ నిలబడింది. పైమెట్టు మీద, మోచేతులదాకా సిరాతో నిలబడి ఆ కేక వేసింది ఎవరో కాదు, తన తండ్రి. ఇంట్లో 'కొంచెం ఉప్పు' అని కూడా చెవిలో చెప్పినట్టు అడిగే తండ్రి.

పక్కన పేపర్ కట్టలు కడుతున్న మనిషి పిల్లిని చూసి "ఎవరబ్బాయివి?" అని అరిచాడు. పిల్లి చెప్పాడు. "ఎవరూ?" మళ్లీ చెప్పాడు. మూడోసారి పైకి వేలు చూపించాల్సి వచ్చింది.

"ఆయన కొడుకువా! మరి ఆ గొంతేమిటయ్యా? పులి కడుపున పిల్లి పుడుతుందా?" అని ఆ మనిషి నవ్వాడు. పిల్లి ఉలిక్కిపడ్డాడు, తన పేరు ఇక్కడిదాకా ఎలా పాకిందా అని. ఆ మనిషి మిషన్ పక్కనే నడుము దగ్గర గుంట పడిన కాగితం మోపు ఒకటి చూపించి ఇంకేదో చెప్పాడు. "మీ నాన్న సింహాసనం" అన్న ముక్క ఒకటి వినబడింది, మిగతాది మళ్లీ కదిలిన మిషన్ మింగేసింది.

తండ్రి దిగొచ్చాడు. కొడుకును చూడగానే మొహం వెలిగింది. పెదాలు కదిలాయి. ఆ మోతలో నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే గుసగుసగా మాట్లాడాడాయన. కొడుకూ గుసగుసగానే జవాబిచ్చాడు. ఒకరి మాట ఒకరికి వినబడలేదు, అయినా ఇద్దరూ తలలూపుకున్నారు.

తిరిగి వస్తూ పిల్లి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా వంతెన కిందికి వెళ్లాడు. నేను ఆ గొంతు కొడుకుని, ఆ గొంతు నాలోనూ ఎక్కడో ఉండాలి అనుకున్నాడు. రైలు కోసం చూడలేదు. కాళ్లు ఎడంగా వేసి, కడుపు బిగించి, "నాదీ!" అని అరిచాడు. అవతల నిద్రపోతున్న కుక్క లేచి పారిపోయింది. పక్క రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్న ఒకాయన ఆగి, ఏది ఎవరిదో అని వంతెన కిందికి తొంగి చూశాడు.

ఆదివారం ఉదయం గ్రౌండ్ కొత్తగా ఉంది. కోసిన గడ్డి, సున్నంతో గీసిన గీతలు, చిల్లి కనబడకుండా కుట్టిన నెట్టు. పిల్లి జట్టులో నిచ్చెన ఉన్నాడు. మొదటి సగంలో పిల్లి అరిచాడు. మైకంత కాకపోయినా, రెండుసార్లు నిచ్చెన వెనక్కి చూడకుండానే తల దించాడు. కోచ్ తాడు నమలడం మానేసి విజిల్ జేబులో పెట్టుకున్నాడు. చెరొక గోలుతో సగం ముగిసింది.

అప్పుడొచ్చాడు తండ్రి. డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా అటునుంచి అటే వచ్చాడు. చేతులకు సిరా మరకలు, కళ్లు చింతనిప్పులు. పగటి ఆటలు కావడంతో కొడుకు ఆట ఆయన ఇంతవరకూ చూసింది లేదు. గోల్‌పోస్టు వెనకున్న చెక్కబెంచీ మీద కూర్చుని కొడుక్కి చెయ్యి ఊపాడు. టోపీ మొహం మీదికి లాక్కుని కంచె స్తంభానికి ఒరిగాడు. విజిల్ పడేలోపు నిద్రపోయాడు.

పిల్లి వెనక్కి తిరిగి చూశాడు. అంతే, గొంతుకు ఎవరో తాళం వేసినట్టయింది. ఇరవై ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా! రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి, తన కోసం వచ్చిన మనిషి, నాలుగడుగుల దూరంలో కునుకు తీస్తున్నాడు. బంతి వచ్చింది. "నాది" అన్నాడు. అది గ్రౌండులో అన్న మాట కాదు, లోపలి గది బయట నిలబడి అన్న మాట. నిచ్చెనకు వినబడక అడ్డుపడ్డాడు, ఇద్దరూ ఢీకొన్నారు. బంతి పోస్టుకు తగిలి పక్కకు పోయింది కాబట్టి సరిపోయింది.

"రైలెక్కడికి పోయిందిరా?" అన్నాడు నిచ్చెన, మోచెయ్యి రుద్దుకుంటూ.

పిల్లి బెంచీ వైపు చూపించాడు. నిచ్చెన అటు చూసి, తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. అవతలి చివర మైకు ఒక ఎత్తు బంతికి "నాదీ!" అని అరిచి, ఈసారి నిజంగానే గీత దాటి వచ్చి రెండు చేతులతో లాక్కున్నాడు. కోచ్ మొహం వెలిగింది. ఆయన చెయ్యి మాత్రం మళ్లీ విజిల్ తాడు మీదికి వెళ్లింది.

ఆట ముగియబోతుండగా కుడివైపునుంచి బంతి లేచింది. ఎత్తుగా, తీరిగ్గా, గాలిలో తిరుగుతూ. నిచ్చెన కళ్లు దాని మీదే పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. పోయిన ఏడాది కూడా సరిగ్గా ఇలాగే. వెనక బెంచీ మీద నాన్న. ముందు, క్యాంటీన్‌లో అన్ని మాటలు పడినా తన పేరెత్తని స్నేహితుడి వీపు. ఇద్దరిలో ఒకరికి ఇప్పుడు అన్యాయం చెయ్యక తప్పదు. నిద్ర ఇంకోసారి పోవచ్చు, ఈ బంతి మళ్లీ రాదు. క్షమించు నాన్నా అనుకుని నోరు తెరిచాడు.

"నాదీ!"

ఆ కేక ముందు వంతెన కింది రైలు ఏపాటి! నిచ్చెన తల దించడం కాదు, ఏకంగా కూలబడ్డాడు. అతని తల ఉండాల్సిన చోట పిల్లి చేతులు బంతిని పట్టుకున్నాయి. మెత్తగా నేల మీద దిగి, బంతిని పొట్టకు హత్తుకుని, భయంభయంగా వెనక్కి తిరిగి చూశాడు.

తండ్రి కదల్లేదు. టోపీ అంగుళం కూడా జరగలేదు. దాని కిందనుంచి గురక మాత్రం వస్తోంది.

ఇక ఆ తర్వాత పిల్లి నోటికి అడ్డేముంది? ఎడమకి జరగమన్నాడు, వెనక్కి రమ్మన్నాడు, 'నాదండీ' విని నవ్వినవాణ్ణి పేరు పెట్టి మరీ పిలిచి నిద్రపోతున్నావా అని కేకలేశాడు. ఆఖరి విజిల్ పడ్డాక కోచ్ సంచిలోంచి ఒకటో నెంబరు జెర్సీ తీసి అతని మొహాన కొట్టాడు.

"తీసుకో. ఇక నీ నోరు ఎలా మూయించాలో చూడాలి" అన్నాడు. మైకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. వాడి కళ్లు ఎర్రబడ్డాయి గానీ చప్పట్లు ఆపలేదు.

టీమంతా బెంచీ చుట్టూ మూగినా కుంభకర్ణుడికి మెలకువ రాలేదు. నిచ్చెన భుజం పట్టి కుదిపితే గానీ లేవలేదు.

"ఎవరు గెలిచార్రా?" అన్నాడు తండ్రి గుసగుసగా.

"నాన్నా, నేనంత గట్టిగా అరిచాను, నీకు వినబడలేదా?"

"అరిచావా? నువ్వా!"

"నీకు నిద్ర చెడుతుందేమోనని భయపడుతూనే అరిచాను."

తండ్రి తెల్లబోయాడు. "నాకా? విరామంలో మిషన్ పక్కన కాగితం మోపు మీద పడుకునేవాణ్ణిరా నేను. నాకు నిద్ర చెడటమేమిటి?"

"మరి ఇంట్లో అంత మెల్లగా ఎందుకు మాట్లాడతావు?"

"మీరిద్దరూ అలాగే మాట్లాడుకుంటారు కదా. నేనొక్కణ్ణే గొంతు పెంచితే ఏం బాగుంటుంది? మీ అమ్మ పుట్టింటివాళ్ల పద్ధతేమో అనుకున్నాను."

నిచ్చెన నవ్వి నవ్వి రెండోసారి కూలబడ్డాడు. పిల్లికి మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంటికి వెళ్లేసరికి తల్లి చప్పుడు కాకుండా తలుపు తీసింది. ఒక చేతిలో గిన్నె మూత. కొడుకును చూసి ఎడమ కనుబొమ్మ ఎత్తింది, ఏమైంది అని. ఇంకో రోజైతే పిల్లి బొటనవేలు చూపించి ఊరుకునేవాడు.

"అమ్మా! జెర్సీ నాదీ!"

మూత చేతిలోంచి జారి నేల మీద గిర్రున తిరుగుతూ మోగింది. తల్లి దాన్ని కాలితో అదిమిపట్టి, వెనక వస్తున్న భర్త వైపు బెదురుగా చూసింది.

"అరవనీ. నాకేం నిద్ర చెడదు" అన్నాడాయన.

"చెడదా?" అంది ఆవిడ గుసగుసగానే. "మీరు నైట్ డ్యూటీలో చేరిన కొత్తలో వీడు చంటివాడు. పగలు కెవ్వుమంటే మీరు లేచి మంచం మీద కూర్చున్నారు. ఆ కళ్లు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, ఈ ఇంట్లో మీ చెవిన చప్పుడు పడనివ్వకూడదని."

తండ్రి వంగి ఆవిడ కాలి కింది మూత తీశాడు.

"నిద్ర చెడి లేవలేదు. వాణ్ణి ఎత్తుకుందామని లేచాను. నేను మంచం దిగేలోపే నువ్వు వాణ్ణి తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపేసుకున్నావు. తర్వాత వాడి ఏడుపే వినబడలేదు."

ఆవిడ మొగుడి వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. కనుబొమ్మలు రెండూ లేచాయి. ఈసారి అవి చాల్లేదు.

"ఆ ముక్క అప్పుడే నోరు తెరిచి చెప్పి ఏడవచ్చుగా!"

పిల్లి అదిరిపడ్డాడు. తన గొంతు తండ్రి పోలిక అనుకున్నాడు ఇంతవరకూ. ఎదురింటి కిటికీ దఢేలున తెరుచుకుంది, ఎదురింటాయన తల బయట పెట్టాడు. ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. అరచేత్తో కళ్లు తుడుచుకుని, అదే గొంతుతో కొడుకును అడిగింది.

"మొదటి మ్యాచ్ ఎప్పుడురా? ఆ బెంచీ మీద నాకూ చోటుంచు."